మా బారు టీవీలో మేనకోడలి ఆట

గద్వాలలో రాయచూరు పోయే రోడ్డు మీద నేనూ, మా బామ్మర్దీ కలిసి ఒక బార్ అండ్ రెస్టారెంట్ నడుపుతున్నాం. లైసెన్సు అతని పేరు మీద ఉంది. పొద్దంతా కౌంటర్లో కూర్చునే ఓపిక నాది. పుట్టడం నేత ఇంట్లో పుట్టాను గానీ మగ్గం దగ్గర నాకు నిలకడ కుదరలేదు. మా అక్కకు కుదిరింది. ఆమె ఇప్పటికీ మా పాత వాడకట్టులోనే ఉండి చీరలు నేస్తుంది. నేను బారు తెరిచిన రోజు నుంచీ అక్కకు ఒక పట్టింపు. మా ఇంటికి వస్తుంది, పిల్లలకు సజ్జ రొట్టెలు చేసి తెస్తుంది, పండగకు నా భార్యకు చీర పెడుతుంది. బారు ఉన్న రోడ్డు మీదుగా మాత్రం నడవదు. ఎండైనా వానైనా చుట్టు తిరిగి పోతుంది.

మా హాల్లో మూడు టీవీలున్నాయి. క్రికెట్ మ్యాచ్ ఉన్న రోజు కుర్చీలు చాలవు. లేని రోజు మధ్యాహ్నం పూట ఫ్యాన్ల చప్పుడు తప్ప ఇంకేమీ వినపడదు. యార్డులో పల్లికాయ అమ్ముకుని వచ్చిన రైతులు, లారీల వాళ్లు, రెండు మూడు బల్లల దగ్గర. వార్తలు నడుస్తూ ఉంటాయి, ఎవరూ చూడరు.

అట్లాంటి మధ్యాహ్నమే ఒకనాడు మా మేనకోడలు ఫోన్ చేసింది. అక్కకు ఒక్కతే బిడ్డ. బావ పోయాక అక్క ఒక్కతే పెంచింది. హైదరాబాదులో హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతోంది. చదువుతో పాటు ఫోన్లో ఒక ఆట ఆడుతుంది. కాలక్షేపానికి కాదు, పోటీలకు. నలుగురు కలిసి ఒక జట్టు. అట్లాంటి జట్లు చాలా ఒకేసారి విమానంలోంచి ఒక దీవి మీద దిగుతాయి. తుపాకులు వెతుక్కుని ఒకరి మీద ఒకరు పడతారు. చుట్టూ ఒక గీత మెల్లగా దగ్గరికి వస్తూ ఉంటుంది, దాని బయట చిక్కుకుంటే చావే. ఆఖరికి మిగిలిన జట్టు గెలిచినట్టు. అక్క దృష్టిలో మాత్రం అది బిడ్డ చదువును మింగుతున్న రోగం. సెలవులకు వచ్చినప్పుడు ఒకసారి ఫోన్ లాక్కుని బీరువాలో పెట్టి తాళం వేసింది. పిల్ల అన్నం మానేసింది. అప్పటి నుంచి తల్లీబిడ్డల మధ్య మాటలు అవసరానికే నడుస్తున్నాయి.

"మామా, మా టీం పెద్ద పోటీకి ఎక్కింది. ఆటలన్నీ లైవ్‌ల చూపిస్తరు. మీ బారుల ఒక్క టీవీల పెట్టవా?" అంది.

"బారులెందుకు బిడ్డా, నేను ఇంట్ల కూసోని చూస్త గద."

"ఇంట్ల నువ్వొక్కనివే చూస్తవు. మా టీంల మిగిలినోళ్లకు ఇంటోళ్లు, దోస్తులు, గల్లీ మొత్తం చూస్తది. నాకు ఎవరున్నరు మామా? మన ఊర్ల నలుగురు కూసోని చూస్తుండ్రని తెలిస్తే నా చేతులు వణకవు. గంతే."

ఆ మాట విన్నాక కాదనడం నా వల్ల కాలేదు.

బామ్మర్దికి నచ్చలేదు. "తాగనీకి వచ్చినోళ్లకు పిల్లల ఆట చూపిస్తవా బావా? లేచి పక్క బారుకు పోతరు" అన్నాడు. చివరికి మూలన ఉన్న చిన్న టీవీకి ఒప్పుకున్నాడు, అదీ చప్పుడు లేకుండా.

మొదటిరోజు ఆ టీవీ పెట్టగానే ఒక బల్ల నుంచి నవ్వు వినపడింది. "ఏందన్నా ఇది, కార్టూనా?" అని ఒకరు, "న్యూసన్న పెట్టు" అని ఇంకొకరు. నేను కౌంటర్లోంచే మెడ చాచి చూస్తున్నాను. పిల్ల ఎంత వివరంగా చెప్పినా, తెర మీద బొమ్మలు అటూ ఇటూ ఉరుకుతుంటే నాకు సగం కూడా అర్థం కావడం లేదు. ఆమె బొమ్మకు పచ్చ టోపీ ఉంటుందని చెప్పింది కాబట్టి ఆ టోపీనే వెతుక్కుంటున్నాను.

మా హాల్లో రోజూ మధ్యాహ్నం ఒక మూల ఒంటరిగా కూర్చునే పెద్దాయన ఒకడుండేవాడు. ఒకప్పుడు మార్కెట్ యార్డులో వేలం పాడేది ఆయనే. ఆయన గొంతు యార్డు గేటు దాటి రోడ్డు మీది హోటళ్ల దాకా వినపడేది. వేలం కంప్యూటర్ల మీదికి మారాక ఆ గొంతుతో ఎవరికీ పని లేకుండా పోయింది. పలకరిస్తే తల ఊపేవాడు, అంతకు మించి మాట్లాడేవాడు కాదు. ఆ రోజు ఆయనే నా దగ్గరికి వచ్చాడు.

"సేటూ, మాటిమాటికి గా పచ్చ టోపీ బొమ్మనే చూస్తున్నవ్. ఏంది కత?"

"మా అక్క బిడ్డ."

"బొమ్మనా?"

"బొమ్మను ఆడించేది. హైదరాబాదుల కూసోని ఆడుతుంది. దేశమంత చూస్తుండ్రు."

ఆయన కాసేపు తెర వైపు చూశాడు. "మన గద్వాల పిల్లనా? మరి ముందుగాల చెప్పవైతివి!" అని కుర్చీ ఈడ్చుకుంటూ పోయి ఆ చిన్న టీవీ కింద కూర్చున్నాడు. నేనూ పోయి పక్కన కూర్చున్నాను.

ఆ రోజు పిల్ల జట్టు ఏ ఆటలోనూ ఎక్కువసేపు నిలవలేదు. దిగిన కొద్దిసేపటికే నలుగురూ పడిపోయేవారు. పెద్దాయన ప్రతిసారీ తొడ మీద చరుచుకున్నాడు. సాయంత్రం పిల్లకు ఫోన్ చేసి, ఇక్కడ ఇద్దరం చూశామని చెప్పాను. ఓడిపోయిన పిల్లకు అదేం ఓదార్పు అనుకుంటూనే చెప్పాను. ఆమె మాత్రం గట్టిగా నవ్వింది. "ఆ రెండో ఆయన ఎవరు మామా?" అని అడిగి, ఆయన గురించి అంతా చెప్పించుకుంది.

తరువాతి ఆటల రోజు పెద్దాయన యార్డు హమాలీలను వెంటబెట్టుకు వచ్చాడు. వాళ్లకు ఆట తెలియదు. నేను పిల్ల దగ్గర నేర్చుకున్నది ఆయన చెవిలో చెబుతుంటే, ఆయన దాన్ని హాలంతటికీ వినిపించడం మొదలుపెట్టాడు. ఎన్నాళ్లుగానో మూలపడ్డ గొంతు ఒక్కసారి లేచింది.

"వచ్చిండ్రు వచ్చిండ్రు, గుట్ట మీదికెళ్లి ఇద్దరు దిగిండ్రు! మన పిల్ల చెట్టు సాటుకు పోయింది. తుపాకి ఎత్తింది. ఒకటోసారీ... రెండోసారీ..."

ఎదుటివాడు పడగానే హమాలీలంతా ఒక్క గొంతుతో "మూడోసారీ!" అని అరిచారు. వార్తలు చూస్తున్నట్టు నటించే బల్లల వాళ్లు కూడా కుర్చీలు ఇటు తిప్పుకున్నారు. వంటింట్లోంచి మాస్టర్ గరిటె పట్టుకునే బయటికి వచ్చాడు. ఆ రోజు పిల్ల జట్టు ఒక ఆట గెలిచింది.

అక్కడి నుంచి వారం వారం జనం పెరిగారు. పాన్‌గల్ నుంచి ఇద్దరు రైతు అన్నదమ్ములు బండి మీద వచ్చేవారు, ఆటల రోజు చూసుకుని మరీ గద్వాల పనులు పెట్టుకునేవారు. కొల్లాపూర్ నుంచి మామిడికాయల లోడుతో వచ్చే డ్రైవర్ ఒకాయన లారీని రోడ్డు పక్కన ఆపి, ఆట అయ్యేదాకా కదిలేవాడు కాదు. రాయచూరు వైపు నుంచి వచ్చే వాళ్లు కన్నడం కలిపి కేకలు వేసేవారు. మా బామ్మర్ది పైకి విసుక్కుంటూనే పిల్ల ఆటను మూలన ఉన్న చిన్న టీవీ నుంచి గోడ మధ్యనున్న పెద్ద టీవీకి మార్చి, చప్పుడు కూడా పెట్టాడు.

అతని మనసు ఎటు తిరిగిందో బయటపడిన రోజు ఒకటుంది. ఆ రోజు ఇండియా క్రికెట్ మ్యాచూ, పిల్ల ఆటా ఒకే సమయానికి పడ్డాయి. పెద్ద టీవీలో ఏది పెట్టాలని గొడవ మొదలైంది. బామ్మర్ది కుర్చీ ఎక్కి, "క్రికెట్ గావాలన్నోళ్లు చేతులెత్తుండ్రి" అన్నాడు. కొన్ని చేతులు లేచాయి. "మన పిల్ల ఆట గావాలన్నోళ్లు?" అన్నాడు. ఈసారి ఒక్కసారిగా లెక్కలేనన్ని చేతులు లేచాయి. అందరికంటే ఎత్తుగా ఉన్నది కుర్చీ మీద నిలబడ్డ అతని చెయ్యే. నేను నవ్వితే, "ఏంది బావా, నేను కూడ చూస్త గద!" అని సిగ్గుపడ్డాడు. ఆ పూట క్రికెట్ మూలన ఉన్న చిన్న టీవీకి పోయింది.

ఇంత సందడి అక్క చెవిన పడకుండా ఎట్లా ఉంటుంది? ఒక పొద్దున నేను ఇంట్లో చాయ్ తాగుతుండగా వచ్చింది. చెప్పులు కూడా విడవకుండా గడప దగ్గరే నిలబడింది.

"వాడకట్టుల ఆడోళ్లంత నన్ను అడుగుతుండ్రు. నీ బిడ్డ బారుల కనవడ్తుందట గద అని. సిగ్గుతోటి తల ఎత్తలేకపోయిన. ఇదేనారా నువ్వు నా బిడ్డకు చేసిన మేలు?"

"అక్కా, పిల్ల బారుల లేదు. టీవీల ఉంది. బారోళ్లు ఆమె ఆటను చూస్తుండ్రు."

"ఏం ఫరక్? తాగుబోతుల నడుమ నా బిడ్డను నిలవెట్టినవ్. దాని తండ్రి ఉంటే నీకింత ధైర్యం వస్తుండెనా?"

ఆ మాట నాకు లోపల గుచ్చుకుంది. అయినా తగ్గలేదు. "ఒక్కసారొచ్చి చూడు. నీ బిడ్డ పడిపోతే ఆ తాగుబోతులు ఎట్ల పరేషాన్ అయితరో చూడు. లేస్తే ఎట్ల ఎగురుతరో చూడు. చూసినంక నన్ను ఎన్నన్న తిట్టు."

"నేనా? బారుకా?" అంది. నా భార్య తెచ్చిన చాయ్ ముట్టకుండానే వెనుదిరిగింది.

ఆ సంగతి పిల్లకు చెప్పాను. ఆమె నెమ్మదిగా అంది. "అమ్మను పిలవకు మామా. ఓడిపోయింది చూస్తే, నేను చెప్పలేదా అంటది. గెలిచినంక నేనే చెప్పుకుంట."

ఫైనల్ ఒక ఆదివారం మధ్యాహ్నం పడింది. అప్పటిదాకా వచ్చిన మార్కుల్లో మా పిల్ల జట్టు పైనే ఉంది గానీ అందరికంటే పైన కాదు. ఆఖరి ఆట గెలిస్తే కప్పు వాళ్లది, గెలవకపోతే లేదు. హాల్లో కుర్చీలు నిండి, జనం గోడలకు ఆనుకుని నిలబడ్డారు. బామ్మర్ది అందరికీ ముందే హెచ్చరిక చేశాడు. "ఇయ్యాల ఎవరి నోట్లెకెల్లి బూతు రావద్దు. ఆడేది మన ఇంటి పిల్ల."

ఆట మొదలు కాబోతుండగా వంటింటి వైపు తలుపు దగ్గర అలికిడి అయింది. చూస్తే అక్క. తల మీది కొంగు గట్టిగా పట్టుకుని, మాస్టర్ వెనకాల నిలబడింది. ఆమె వెనక వాడకట్టు ఆడవాళ్లు ఇంకో ముగ్గురు. నేను కౌంటర్ వదిలి ఎదురుపోయాను. నన్ను చూసి, "గివీళ్లు చూద్దామంటే వచ్చిన. నిమిషం ఉండి పోత" అంది.

మా బారు హాల్లోకి ఆడమనిషి రావడం అదే మొదటిసారి. ఒక బల్ల తరువాత ఒక బల్లగా మాటలు ఆగిపోయాయి. ఎవరూ చెప్పకుండానే గ్లాసులు బల్లల కిందికి పోయాయి. ఒకాయన సీసాను తువ్వాల్లో చుట్టి ఒళ్లో పెట్టుకున్నాడు. పెద్దాయన లేచి తన కుర్చీని కండువాతో తుడిచాడు.

"అమ్మా, ఆ పిల్ల తల్లివి నువ్వేనా? ఎనక నిలవడితే ఎట్ల? ముందుకొచ్చి కూసో."

అక్క కదల్లేదు. ఆయన మళ్లీ అన్నాడు. "నీ బిడ్డ ఆడుతుంటే మేం గింతమందిమి చూస్తున్నం. నువ్వు చూడకపోతే ఎట్లమ్మా?"

అక్క వచ్చి కూర్చుంది. మిగతా ఆడవాళ్లు ఆమె పక్కన. సరిగ్గా అప్పుడే తెర మీద ఆటగాళ్ల ముఖాలు చూపించారు. చెవులకు పెద్ద హెడ్‌ఫోన్లు, వెనక్కి లాగి కట్టిన జుట్టు, రెప్ప వేయని చూపు. మా పిల్ల ముఖం గోడంత పెద్దగా కనిపించింది. అక్క నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "ఎంత చిక్కిపోయిందిరా" అంది నాతో. లేచి మాత్రం పోలేదు.

ఆట బాగా మొదలైంది. జట్టు నలుగురూ ఒక పాడుబడ్డ ఇంట్లో చోటు పట్టుకున్నారు. తరువాత గీత అటు పక్కకు జరగడంతో ఇల్లు వదిలి మైదానంలో ఉరకాల్సి వచ్చింది. ఆ ఉరుకులో ఒకరు పడ్డారు. కాపాడబోయి ఇంకొకరు పడ్డారు. గుట్ట ఎక్కేలోపు మూడోవాడూ పోయాడు. మా పచ్చ టోపీ ఒక్కటే మిగిలింది. ఎదుటి పక్క ఇంకా ముగ్గురున్నారు, అందరూ ఒకే జట్టు వాళ్లు. హాలంతా ఉస్సురంది. పాన్‌గల్ అన్నదమ్ముల్లో పెద్దవాడు తల పట్టుకున్నాడు.

పిల్ల ఒక బండరాయి పక్కన గడ్డిలో బోర్లా పడుకుంది. కదలదు, కాల్చదు. ఎదుటి ముగ్గురూ ఆమెను వెతుకుతున్నారు. "కాల్చు బిడ్డా! కాల్చు!" అని నాలుగు వైపుల నుంచీ కేకలు. ఒకతను టీవీ దగ్గరికి పోయి వేలు పెట్టి మరీ చూపిస్తున్నాడు.

"అరవకుండ్రి" అంది అక్క.

గొంతు పెద్దది కాదు. అయినా అందరికీ వినపడింది.

"దాన్ని ఆగనియ్యుండ్రి. అది తొందరపడే పిల్ల గాదు. చిన్నగున్నప్పుడు నూలు చిక్కుపడితే నేను తెంపబోతుంటి. వద్దమ్మా అని గుంజుకొని, ఒక్క పోగు తెగకుండ విడదీసేటిది. అది చూసుకుంటుంది."

హాలు గమ్మునైంది. తెర మీద గీత దగ్గరికి వచ్చింది. ఎదుటివాళ్లలో ఒకడు నిలవడానికి చోటు లేక బండ వైపే ఉరికాడు. పిల్ల లేచి కాల్చింది, వాడు పడ్డాడు. వాణ్ని లేపడానికి వచ్చిన రెండోవాడు కూడా అక్కడే పడ్డాడు. ఇక ఒకడు. వాడు చెట్టు చాటు నుంచి బాంబు విసిరాడు. పొగలో పచ్చ టోపీ కనిపించలేదు. అక్క చెయ్యి నా మణికట్టును పట్టుకుంది. ఎంత గట్టిగా అంటే గాజులు నా చర్మంలోకి దిగాయి.

పొగలోంచి పిల్ల బండకు అటు పక్కన తేలింది. పెద్దాయన లేచి నిలబడి "ఒకటోసారీ..." అన్నాడు, గొంతు అక్కడితో తెగిపోయింది. పెదాలు కదులుతున్నాయి, మాట రావడం లేదు. "రెండోసారీ..." అని హాలంతా అందుకుంది. చివరివాడు కూలాడు. "మూడోసారీ!" అన్న కేకకు వంటింట్లో గిన్నెలు మోగాయని మాస్టర్ ఇప్పటికీ అంటాడు. హమాలీలు ఒకరినొకరు ఎత్తుకున్నారు. మా బామ్మర్ది బల్లెక్కి ఎగిరాడు. లారీ డ్రైవర్ బయటికి ఉరికి హారన్ కొట్టడం మొదలుపెట్టాడు.

అక్క నా చెయ్యి వదల్లేదు. "ఏమైంది తమ్మీ? ఏమైంది?"

"గెలిచిందక్కా. మొత్తం పోటీ గెలిచింది."

"ఎవరు? నా బిడ్డనా?"

"నీ బిడ్డనే."

ఆమె లేచి నిలబడింది. ఏడవలేదు. చుట్టూ చూసింది, ఎగురుతున్న వాళ్లను, అరుస్తున్న వాళ్లను, ఒక్కొక్కరినీ. ఆ చూపులో నేను ఎన్నడూ ఎరగని ఒక ఠీవి ఉంది. ఆమె నేసిన చీరను దుకాణంలో విప్పి పరిచినప్పుడు కూడా అట్లా నిలబడగా చూడలేదు.

కొద్దిసేపటికి తెర మీద కప్పు ఎత్తారు. మైకు పట్టుకున్నతను హిందీలో ఏదో అడిగితే పిల్ల హిందీలో జవాబు చెప్పి, చివర్లో కెమెరా వైపు తిరిగింది. "గద్వాలల మా మామ బారుల కూసోని చూస్తున్నోళ్లందరికీ దండాలు" అంది. హాల్లో ఉన్నవాళ్లు ఒక్కరు కూడా కూర్చోలేదు. నేనేం చేశానో నాకు గుర్తు లేదు. ఏడ్చానని బామ్మర్ది చెబుతాడు.

కాసేపటికి ఫోన్ మోగింది. నేను మాట్లాడబోతే అక్క లాక్కుంది. తిడుతుందో, దీవిస్తుందో తెలియక అందరూ చెవులు రిక్కించారు.

"ఆ కడపటోడు ఏ దిక్కున్నడో ఆ పొగల నీకెట్ల ఎరుకైందే? మాకే కనవడలే" అంది అక్క.

అవతల నుంచి పిల్ల గొంతు, ఏడుస్తూ, నవ్వుతూ, "అమ్మా, నువ్వు చూసినవా?" అనడం నాకు కూడా వినపడింది. "అడిగింది చెప్పు ముందుగాల" అంది అక్క. పిల్ల చెప్పడం మొదలుపెట్టింది. అడుగుల చప్పుడు హెడ్‌ఫోన్లలో ఏ వైపు నుంచి వినపడుతుందో, పొగలో ఎటు జరగాలో, అన్నీ. అక్క ఊఁ కొడుతూ, అర్థం కానిచోట ఆపి మళ్లీ అడుగుతూ, కౌంటర్ పక్కన నిలబడి చాలాసేపు మాట్లాడింది. వాళ్లిద్దరూ అంతసేపు మాట్లాడుకోగా విని నాకు ఏళ్లయింది.

పరీక్షలు రాసి పిల్ల గద్వాల వచ్చిన మధ్యాహ్నం అక్కే ఆమెను బారుకు తీసుకొచ్చింది. అప్పటికి పై అంతస్తులో ఖాళీగా పడి ఉన్న హాలును ఆటల రోజు కుటుంబాలతో వచ్చేవాళ్ల కోసం తెరిచాం. అక్కడ మందు ఉండదు, బిర్యానీ, చాయ్ మాత్రమే. వాడకట్టు ఆడవాళ్లు మగ్గం దిగి వస్తారు. పిల్ల సిగ్గుపడుతూ మెట్లెక్కి వస్తే అందరూ లేచి చప్పట్లు కొట్టారు. పెద్దాయనకు ఆమె వంగి దండం పెట్టింది. ఆయన ఆమె తల మీద చెయ్యి వేసి, ఫైనల్ నాటిలాగే మాట దొరక్క నిలబడిపోయాడు.

మిగతావాళ్లకు మాత్రం మాటలు బాగా దొరికాయి. ఆమెను నడుమ కుర్చీలో కూర్చోబెట్టి, ఆట ఎట్లా ఆడాలో అందరూ ఆమెకే చెప్పడం మొదలుపెట్టారు. ఇల్లు దొరికితే మేడ మీదికే ఎక్కాలని ఒకరు, జీపు దొరికితే వదలొద్దని ఒకరు. ఆ ఫోన్ ఆటను జన్మలో ముట్టుకోని పాన్‌గల్ రైతు కుర్చీ ముందుకు జరుపుకుని, వేలు ఆడిస్తూ గట్టిగా చెప్పాడు.

"అంత మంచిగనే ఆడినవ్ గని, ఫైనల్ ముంగటి ఆటల ఆ వంతెన మీదికి పోవుడు తప్పు బిడ్డా. రెండు దిక్కుల మూసిండ్రంటే ఏడికి పోతవు? వాగుల దిగి పోవాలె."

దేశంలోని జట్లన్నిటినీ ఓడించి వచ్చిన పిల్ల చేతులు ఒళ్లో పెట్టుకుని, తల ఊపుతూ శ్రద్ధగా విన్నది.

"సరే పెద్దనాయినా, ఈసారి వాగులకెల్లే పోత" అంది.